గట్టు నిలబెట్టే సరుకు: వట్టివేరు పిలకలు, వ్యామ్ పొడి, బయో సీసాల్లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు ఎరువుల కొట్లలోను, నర్సరీల్లోను, వారపు సంతల్లోను "గట్టు కొట్టుకుపోదు, మట్టి కదలదు" అని చెప్పి అమ్మే సరుకు నాలుగైదు రకాలుగా దొరుకుతోంది. వట్టివేరు పిలకలు, వ్యామ్ (వేళ్లను అంటి బతికే శిలీంధ్రం) పొడి ప్యాకెట్లు, సూక్ష్మజీవుల సీసాలు, పచ్చిరొట్ట విత్తనాలు, కొండచీపురు దుబ్బులు. ప్యాకెట్ల మీద రాత ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కాబట్టి, తెలుగు మాత్రమే చదివేవాళ్లకు కొట్టతను నోటితో చెప్పిందే లేబుల్.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఏటవాలు ఎర్రనేలల్లో డబ్బు పెట్టాల్సింది మొదట పిలకల మీద, తరవాత విత్తనాల మీద. వ్యామ్ నారుమళ్లకూ సంచి మొక్కలకూ పనికొస్తుంది, పొలమంతా చల్లడానికి దండగ. సీసాలు వద్దు. ఈ మాట మెట్ట పొలాలకు, జీడి తోటలకు, గెడ్డ (వాగు) ఒడ్డున ఉన్న భూములకు వర్తిస్తుంది. దమ్ము చేసిన వరి మడి సంగతి వేరు. దమ్ములో మట్టి రేణువుల కట్టును మనమే కావాలని చెడగొడతాం.

ఏది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే మట్టిని పట్టేది ఏమిటో చూడాలి. పనిచేసేది మూడు స్థాయిల్లో. పెద్ద వేరు లోతుకు దిగి మట్టి జారకుండా ఊచలా నిలుస్తుంది. సన్న వేళ్లు, వాటిని అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రపు పోగులు చిన్న చిన్న రేణువులను చుట్టేసి పెసరగింజంత, శనగగింజంత గడ్డలుగా కడతాయి. ఆ పోగు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు నుంచి పది దాకా ఉంటుంది, కంటికి ఆనదు. ఇంకా కిందికి వెళితే వేరు ఊరించే చక్కెరలు తిని బాక్టీరియా వదిలే జిగురు, మట్టి రేణువును రేణువుకు అంటిస్తుంది. ఈ మూడింటికీ తిండి పెట్టేది బతికున్న వేరే. వేరు చచ్చిపోతే జిగురు కొన్ని వారాల్లో కరిగిపోతుంది, పోగులు కొన్ని నెలల్లో పోతాయి. చోడి (రాగి) కోసేశాక నవంబరు నుంచి మే దాకా బోడిగా ఉంచిన నేల, తొలకరి మొదటి జల్లుకే ఎర్రటి నీళ్లై గెడ్డలోకి పోవడానికి కారణం అదే.

1996లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త శారా రైట్ ఈ శిలీంధ్రపు పోగుల మీద గ్లోమాలిన్ అనే పదార్థాన్ని గుర్తించింది. మట్టిగడ్డలను అంటించే బంక ఇదేనని అప్పట్లో చాలా రాశారు. మట్టిలోంచి తీసి కొలిచేదంతా నిజంగా శిలీంధ్రం ఇచ్చిందేనా అని తరవాత శాస్త్రవేత్తలే ప్రశ్నించారు, ఇప్పుడు పేరు కూడా కాస్త మార్చి జాగ్రత్తగా వాడుతున్నారు. వ్యామ్ ప్యాకెట్ల మీద మాత్రం "గ్లోమాలిన్ శక్తి" అని పెద్దక్షరాల్లో కనిపిస్తే, అది 1996 దగ్గరే ఆగిపోయిన ప్రచారం.

వట్టివేరు పిలకలు

అన్నిటిలోకీ ఖరీదుకు తగ్గ సరుకు ఇదే. వట్టివేరు పక్కలకు పాకదు, నిలువునా దిగుతుంది. మంచి నేలలో మొదటి ఏడాది రెండేళ్లలో 2 నుంచి 3 మీటర్ల లోతుకు పోతుంది. వేరు సన్నగా ఉంటుంది కానీ దాని లాగుడు బలం సగటున 75 మెగాపాస్కల్ అని కొలిచారు, అంటే మామూలు ఇనుప ఊచ బలంలో ఆరో వంతు దాకా. పైన ఆకులు దట్టంగా గోడ కట్టి నీటి పరుగు తగ్గిస్తాయి, నీటితో వచ్చే మట్టి వరుస వెనకాల పేరుకుంటుంది. పేరుకున్న మట్టిలో మొక్క మునిగినా చావదు, కణుపుల నుంచి కొత్త వేళ్లు వేసి పైకి లేస్తుంది. కొన్నేళ్లకు అక్కడ ఒక మెట్టు దానంతటదే తయారవుతుంది. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు పొలం సరిహద్దుకు దీన్ని తరతరాలుగా నాటుతున్నారు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా మన దేశంలో దీన్ని కోత ఆపే గడ్డిగా ప్రచారంలోకి తెచ్చారు.

కొనేటప్పుడు మోసం రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది, వేరే గడ్డి కలపడం. ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తే అది నిమ్మగడ్డి. వట్టివేరు ఆకుకు వాసన ఉండదు, వాసనంతా వేరులోనే. మొదలు దగ్గర ఆకుల తొడుగులు బల్లపరుపుగా, విసనకర్రలా ఒకదాని మీద ఒకటి అణిగి ఉంటాయి. గుండ్రటి కాడ ఉంటే పక్కన పెట్టండి. మట్టి కింద కణుపులతో అడ్డంగా పాకే దుంప కనిపిస్తే అది రెల్లు జాతి. దాన్ని గట్టు మీద నాటితే రెండేళ్లలో పొలంలోకి దిగి దుక్కికి అడ్డం పడుతుంది. రెండో మోసం ఉత్తరాది రకం అంటగట్టడం. దక్షిణాది సాగు రకాలు విత్తనం కట్టవు, కాబట్టి నాటిన చోటే ఉంటాయి. ఉత్తరాదిలో తడి నేలల్లో పెరిగే రకం విత్తనం కడుతుంది. పిలకలు ఎక్కడి తల్లి దుబ్బుల నుంచి తీశారో అడగండి. చెప్పలేకపోతే ఆ నర్సరీ వదిలేయండి.

కట్ట చేతిలోకి తీసుకుని ఒక పిలకను మొదలు దగ్గర గోటితో గీకి చూడండి. లోపల తెల్లగా, తడిగా, గట్టిగా ఉండాలి. గోధుమరంగులో పీచుగా ఉంటే అది చచ్చిన పిలకే, పై ఆకు పచ్చగా కనిపించినా సరే. ఆకు మూడు నాలుగు రోజులు అబద్ధం చెప్పగలదు. ఒక్కో పిలకలో 2 నుంచి 3 కాడలు కలిసి ఉండాలి. ఒంటి కాడలను విడదీసి లెక్కకు ఎక్కువ చేసి అమ్మడం మామూలే. నిరుడు పూసిన ఎండుకాడ ఉన్నది మళ్లీ చిగురు వేయదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. వేళ్లు 8 నుంచి 10 సెం.మీ.కు, ఆకులు 15 నుంచి 20 సెం.మీ.కు కోసి ఉంటే బాగు. పొడుగాకులు చూడ్డానికి బాగుంటాయి, దారి పొడుగునా నీళ్లు తాగేస్తాయి.

సంచిలో పెంచిన మొక్క, మట్టి దులిపిన పిలక అని రెండు రకాలు అమ్ముతారు. సంచి మొక్క దాదాపు అంతా బతుకుతుంది, ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ, కొండ మీదికి మోయడం నరకం. మా లెక్కలో సంచి మొక్కలు రెండు చోట్లకే: గెడ్డ ఒడ్డుకు, ఖాళీలు పూడ్చడానికి. మిగతా అంతా పిలకలే. ధర పోల్చేటప్పుడు పిలకకు ఎంత అని కాదు, బతికిన పిలకకు ఎంత అని లెక్కేయండి. 1000 పిలకలు తెచ్చి 600 బతికితే, మీరు ఇచ్చిన ధరను 0.6తో భాగించాలి. అలా చూస్తే చవక కట్ట చాలాసార్లు చవక కాదు.

ఎన్ని కావాలి? వరుసలో పిలకకూ పిలకకూ మధ్య 15 సెం.మీ. అయితే 100 మీటర్లకు 670 దాకా. వాలు ఎక్కువగా ఉన్న చోట 10 సెం.మీ.కు తగ్గించాలి, అప్పుడు 1000. దాని మీద పదో వంతు ఎక్కువ తీసుకుని పొలం మూలనే నీడలేని చోట చిన్న మడిగా నాటి ఉంచుకోండి. ఖాళీలకు అవే అందివస్తాయి. వరుసకూ వరుసకూ దూరం నేల వాలును బట్టి ఉంటుంది. కిందికి 1 మీటరు దిగినప్పుడల్లా ఒక వరుస అనుకుంటే, నూటికి పది వాలు ఉన్న చోట 10 మీటర్లకు ఒకటి, నూటికి ఇరవై ఉన్న చోట 5 మీటర్లకు ఒకటి వస్తుంది.

నాటడంలో డబ్బు వృథా అయ్యేది సమమట్టం దగ్గర. కంటి అంచనాకు కొండవాలు ఎప్పుడూ తప్పు చెబుతుంది. రెండు మీటర్ల వెదురు బద్దలు రెండు, అడ్డంగా ఒకటి కట్టి, పై కొనకు దారంతో రాయి వేలాడదీస్తే ఏ-ఫ్రేమ్ తయారు. దాన్ని రెండు మేకుల మీద నిలబెట్టి దారం అడ్డబద్దకు తగిలే చోట గీత పెట్టండి. కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ అవే మేకుల మీద పెట్టి ఇంకో గీత పెట్టండి. రెండు గీతల నడిమి చోటే మట్టం. గాలి ఉన్న రోజు దారం ఊగుతుంది, కాబట్టి పొద్దున్నే కొలవాలి. ఆ గీతల వెంట నాగలితో ఒక సాలు తోలి, 15 సెం.మీ. లోతున పిలకలు పెట్టి మొదలు దగ్గర కాలి మడమతో గట్టిగా తొక్కాలి. మెత్తగా వదిలేస్తే వేరు చుట్టూ గాలి నిలిచి ఎండిపోతుంది. ఏ-ఫ్రేమ్ లేకుండా వాలుకు అడ్డంగా ఉందిలే అని నాటిన వరుస, నీటిని ఒక చివరికి తోలి అక్కడ కొత్త వాగు తవ్విస్తుంది.

తేదీ ముఖ్యం. తొలకరి నిలకడగా పడ్డాక, జూన్ చివర నుంచి జూలై నడిమి దాకా నాటాలి. ఆగస్టు దాటితే వద్దు. ఇక్కడ గట్టు పరీక్ష అక్టోబరులో జరుగుతుంది. 2013లో ఫైలిన్ తుపాను 12న, 2018లో తిత్లీ తుపాను 11న, రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి. అప్పటికి వేరు మూడు నెలల వయసుకు రావాలి. నాటిన మూడు వారాల్లో వాన ఆగిపోతే వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి. నెల తిరగ్గానే ఖాళీలు పూడ్చాలి. ఒక్క ఖాళీ ఉన్న వరుస, అసలు వరుస లేని దానికన్నా చెడ్డది. పైనుంచి వచ్చిన నీళ్లన్నీ ఆ సందులోనే దూకుతాయి. మూడు నాలుగు నెలలకు ఆకులను 40 సెం.మీ. ఎత్తుకు కోస్తే పిలకలు వేసి దట్టమవుతుంది. కోసిన ఆకు అక్కడే వరుస పైవైపు పరచండి, తీసుకుపోవద్దు.

పాడయ్యే దారులు ఇక్కడ తెలిసినవే. జీడి చెట్ల ముదురు నీడలో వట్టివేరు బతకదు. అది ఎండ గడ్డి, కాబట్టి కొత్త జీడి మొక్కల మధ్య నాటితే చెట్లు గొడుగు కట్టేలోగా కొమ్మలు కోస్తూ ఉండాలి. చోడి కోత అయ్యాక పశువులను ఊరుమ్మడిగా వదిలేస్తారు. ముదురు ఆకును అవి పెద్దగా ముట్టవు కానీ మొదటి ఏడాది లేత ఆకు మొదలంటా మేసేస్తాయి. మొదటి శీతాకాలం ముళ్లకంప అడ్డం పెట్టక తప్పదు. పోడు మంట పాత వరుసను చంపలేదు, మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. ఆరు నెలల మొక్కను చంపేస్తుంది. కలుపు మందు గ్లైఫోసేట్ గాలికి పక్కకు పడితే వట్టివేరు కూడా పోతుంది. అన్నిటికన్నా చేటు, వేరు కొనే వ్యాపారి. అత్తరుకు, కూలర్ చాపలకు వేరు అడుగుతాడు, రెండో ఏడాది మంచి ధర చెబుతాడు. వరుస తవ్వి వేరు అమ్మితే మిగిలేది సమమట్టం మీద తీసిన కాలువ. వేరు అమ్మాలని ఉంటే దానికి వేరే మడి వేసుకోండి. గట్టు వరుస అమ్మకానికి కాదు.

ఇంకో హద్దు కూడా తెలిసి ఉండాలి. తిత్లీ వానలకు గజపతి జిల్లా బరఘర గ్రామంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. అంత లోతున కొండే కదిలితే ఏ గడ్డి వేరూ ఆపదు. మూడు మీటర్లకన్నా లోతున నేల జారే చోట పని నీరు బయటికి తీసే కాలువలతో మొదలవ్వాలి. వట్టివేరు అమ్మేవాళ్లు కొండచరియల ఫొటోలు చూపించి అమ్మితే నమ్మవద్దు. అలాగే మహేంద్రతనయ, వంశధార ఒడ్డు కింద నీళ్లు తొలిచేస్తున్న చోట ముందు రాయి పేర్చాలి, దాని పైనే గడ్డి.

కొండచీపురు, పాత పద్ధతి

నర్సరీకి పోకుండా దొరికే ప్రత్యామ్నాయం కొండచీపురు. దుబ్బు విడదీసి మొక్కలుగా చేసుకోవచ్చు, దుబ్బులు ఎదిగాక చీపుర్లు అమ్ముకోవచ్చు, ఆకు పశువులు తింటాయి. వేరు వట్టివేరంత లోతుకు పోదు, వరుస అంత బిగువుగా కట్టదు. దుబ్బుల మధ్య సందుల్లోంచి నీళ్లు పోతాయి. ఆదాయం ముఖ్యమైన చోట, మధ్యస్థ వాలుల్లో పెట్టుకోండి. నిటారు గట్టు మీద వద్దు. పుట్టాసింగి కొండల్లో లాంజియా సవరలు కట్టిన మెట్ల పొలాలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది: రాతి కట్టు మట్టిని ఆపుతుంది, రాళ్ల సందుల్లో మొలిచిన గడ్డీ నాచూ రాతి కట్టును ఆపుతాయి. ఏ నర్సరీ వాడూ ఆ జత అమ్మడు. గట్టు మీద గిరిపుష్పం కొమ్మలు వర్షాకాలం మొదట్లో పాతడం కూడా దాదాపు ఖర్చు లేని పని. చేతికర్ర మందం, మీటరు పొడవు కొమ్మ, మూడో వంతు మట్టిలో.

వ్యామ్ పొడి

ఇది బూడిద రంగులోనో ఇటుక రంగులోనో ఉండే పొడి. లోపల మైకోరైజా శిలీంధ్రపు బీజాలు, ఆ శిలీంధ్రం పట్టిన వేరు ముక్కలు ఉంటాయి. కొట్లో దీన్ని ట్రైకోడెర్మా (తెగుళ్లను ఆపే ఇంకో శిలీంధ్రం) పక్కనే పెట్టి, అదే మాట చెప్పి అమ్ముతారు: పశువుల ఎరువులో కలిపి పది రోజులు మాగబెట్టి చల్లండి అని. ట్రైకోడెర్మాకు అది సరైన సలహా. వ్యామ్‌కు పూర్తిగా తప్పు. ఈ శిలీంధ్రం బతికున్న వేరులో తప్ప ఎక్కడా పెరగదు. ఎరువు కుప్పలో మాగబెడితే సంఖ్య పెరగదు, కుప్ప వేడికి ఉన్నదీ తగ్గుతుంది. ఇలా చెప్పే కొట్లో మిగతా సలహాలనూ అదే తూకంతో చూడాలి.

ప్యాకెట్ మీద చూడాల్సినవి: తయారీ తేదీ, గడువు తేదీ, గ్రాముకు బీజాల సంఖ్య, వేరుకు పట్టే శక్తి ఎంతో చెప్పే అంకె. జీవన ఎరువులు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి, కాబట్టి ఈ వివరాలు ఉండి తీరాలి. అవి లేకుండా "సేంద్రియ" అని ఆకుబొమ్మ మాత్రమే ఉన్న ప్యాకెట్ కొనకండి. ఎండ తగిలే అరలో, రేకుల కింద వేసవి అంతా ఉన్న సరుకు కూడా వద్దు.

వాడేది ఇలా. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు నారుమడిలో చదరపు మీటరుకు 100 గ్రాములు, విత్తనానికి 2 నుంచి 3 సెం.మీ. కింద. సంచి మొక్కకు 5 నుంచి 10 గ్రాములు, నాటే గుంటలో మొక్కకు 20 గ్రాములు. వేరుకు తగలడమే అసలు సంగతి. పైన చల్లి నీళ్లు పెడితే అక్కడే ఎండిపోతుంది. జీడి, మామిడి, కాఫీ, సుబాబుల్ నర్సరీలకు ఈ ఖర్చు న్యాయమే, ఎందుకంటే సంచిలో పోసే మట్టిలో సహజ శిలీంధ్రం తక్కువ.

పొలానికి ఎకరాకు ఇన్ని కిలోలు చల్లమని చెప్పే దగ్గరే మా అభ్యంతరం. మీ నేలలో స్థానిక శిలీంధ్రం ఇప్పటికే ఉంది. అది తగ్గిపోతే కారణం ప్యాకెట్ లేకపోవడం కాదు. మాటిమాటికీ లోతు దుక్కి పోగులను తెంపేస్తుంది, ఆరు నెలలు బోడినేల దాన్ని పస్తు పెడుతుంది, డీఏపీ ఎక్కువైతే మొక్కకు శిలీంధ్రం అవసరమే లేకుండా పోయి దాన్ని వేరు దగ్గరికి రానివ్వదు, శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ లాంటి మందు వేరు దగ్గర పోస్తే ఉన్నదీ దెబ్బతింటుంది. ఈ నాలుగూ మార్చకుండా ఎన్ని కిలోలు చల్లినా ఫలితం ఉండదు. పైరు కూడా చూడాలి. చోడి, జొన్న, మొక్కజొన్న, కంది, వలిసెలు, పసుపు దీన్ని పట్టుకుంటాయి. ఆవాలు, క్యాబేజీ, తోటకూర, పాలకూర పట్టుకోవు. ఆవాల పొలానికి వ్యామ్ అమ్మేవాడికి ఆ సరుకు ఏమిటో తెలియదు.

ఎక్కువ మొక్కలు పెంచేవాళ్లు ఒక కిలో కొని పెంచుకోవడం మేలు. అదే విశ్వవిద్యాలయం పద్ధతి: పొడవు, వెడల్పు ఒక్కో మీటరు, లోతు 30 సెం.మీ. గుంట తీసి నల్ల పాలిథిన్ పరచాలి. 50 కిలోల వర్మిక్యులైట్ (నర్సరీల్లో వాడే తేలికపాటి ఖనిజపు పొడి), వేడి పెట్టి శుద్ధి చేసిన 5 కిలోల మట్టి కలిపి పోసి, పైనుంచి 2 నుంచి 5 సెం.మీ. కింద కిలో వ్యామ్ పరచాలి. శుద్ధి చేసిన మొక్కజొన్న గింజలు నాటి 60 రోజులు పెంచి, పైభాగం కోసేసి, వేళ్లు తరిగి అదే పొడిలో కలిపితే 55 కిలోల దాకా వస్తుంది. చెడేది ఎక్కడంటే, మట్టి సరిగా వేడి పెట్టకపోతే నులిపురుగులు కూడా అంతే జోరుగా పెరుగుతాయి. వేరు మీద బుడిపెలు కనిపిస్తే ఆ గుంట సరుకు అంతా పారేయాలి, నర్సరీకి వాడకూడదు.

సీసాలు

లీటరు సీసా, ఎకరాకు అంత, "మట్టిని సిమెంటులా పట్టేస్తుంది". మట్టి సిమెంటులా అయితే వేరు దిగదు, నీరు ఇంకదు. అది మనకు కావలసిందీ కాదు. లోపల ఉండేది బాక్టీరియా, ఈస్టు. ఇవి జిగురు వదిలే మాట నిజమే, కానీ వాటికి తిండి కావాలి. బోడినేల మీద చల్లితే రెండు మూడు వారాల్లో ఆకలికి పోతాయి. వేళ్లున్న నేలలో ఆ జాతులు ఎలాగూ ఉన్నాయి. ఈ సరుకు ఇష్టమైతే జీవామృతం ఇంట్లో చేసుకోండి: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, చెరో 2 కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. దానికీ పైన ఆచ్ఛాదన లేకపోతే అదే గతి. సీసాలకు మా వైపు నుంచి సున్నా.

విత్తనాలు, గింజ పరీక్ష

గట్టుల మధ్య నేలను కాపాడేది పిలకలు కావు, పైరే. చోడి కోయగానే తడి ఉండగానే ఉలవలు ఎకరాకు 10 కిలోలకు తగ్గకుండా చల్లితే ఫిబ్రవరి దాకా వేరు బతికి ఉంటుంది. పచ్చిరొట్టకు జనుము 15 నుంచి 20 కిలోలు, పూతకు వచ్చే ముందు, 45 రోజులకు కలియదున్నాలి. ఏటవాలులో అయితే కలియదున్నడం కన్నా కోసి అక్కడే పరచడం మంచిది. సంత గింజను నమ్మి కొలతలు వేయకండి. వంద గింజలు తడి గోనె మీద పరచి చుట్టి పెడితే నాలుగైదు రోజుల్లో మొలిచినవి లెక్కించవచ్చు. 70 మొలిస్తే మోతాదు ఆ మేరకు పెంచాలి, 50కి తగ్గితే ఆ గింజ వంటకే.

కొన్న సరుకు పనిచేసిందో లేదో

అమ్మినవాడి మాట, పక్కింటివాడి మాట కాకుండా నేలనే అడిగే పద్ధతి ఉంది. వరుస దగ్గర నుంచి, అదే పొలంలో దుక్కి చేసిన నడుమ నుంచి, 5 సెం.మీ. లోపల మట్టిగడ్డలు తీయండి. శనగగింజంతవి చెరో పది, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. తడి గడ్డ పరీక్షకు పనికిరాదు, ఎలాగూ కరగదు. టీ వడపోత గిన్నెల్లో పెట్టి నెమ్మదిగా నీళ్లలోకి దించండి.

దుక్కి నేల గడ్డ మొదట బుడగలు వదులుతుంది. అంచులు పొరలుగా విచ్చుకుంటాయి, నిమిషం లోపే కుప్పగా కూలి జల్లెడ కన్నాల్లోంచి ఎర్రటి మబ్బులా కిందికి దిగుతుంది. వేరు పట్టిన గడ్డ బుడగలు వదులుతుంది కానీ ఆకారం నిలుస్తుంది. ఐదు నిమిషాలకు పైకెత్తి చూస్తే గడ్డ గడ్డగానే ఉంటుంది, విరిస్తే లోపల వెంట్రుకలాంటి తెల్లటి వేళ్లు ఒకదానికొకటి మెలిపడి కనిపిస్తాయి. రెండు వైపులా ఎన్ని గడ్డలు నిలిచాయో లెక్కేసి రాసుకోండి. ఒక జాగ్రత్త: మన ఎర్రనేలల్లో ఇనుపధాతువు కూడా కొంత జిగురు పని చేస్తుంది, కాబట్టి వేరే ఊరి మట్టితో పోల్చకండి. ఒకే పొలంలో రెండు చోట్లనే పోల్చాలి. నాటిన మొదటి ఏడాది పెద్ద తేడా ఆశించవద్దు. రెండో వర్షాకాలం అయ్యాక కూడా రెండు గిన్నెలూ ఒకేలా కూలిపోతే తప్పు పిలకలది కాదు, ఎక్కడో దుక్కి వరుస మొదలు దాకా పోతోంది. వరుసకు రెండువైపులా అర మీటరు నాగలి పెట్టకుండా వదలాలి.

పిలకల ఆర్డరు మే మొదటి వారంలోనే ఇవ్వండి. వానలు పడ్డాక అడిగితే మిగిలిన ఒంటి కాడలే వస్తాయి. రసీదు మీద పిలకల సంఖ్య, పిలకకు ఎన్ని కాడలు, తవ్వే తేదీ రాయించుకోండి. తవ్విన రోజే బండి ఎక్కించాలి, తడిగోనెలో చుట్టి, వేళ్లు కిందికి, ఎండ తగలకుండా. మూడు రోజుల్లోపు నాటాలి. ఆలస్యమైతే వేళ్లను పేడనీళ్లలో ముంచి నీడలో తడి మట్టిలో తాత్కాలికంగా పాతి ఉంచండి. నీళ్ల తొట్టిలో నిలబెట్టవద్దు, మొదలు కుళ్లుతుంది. ఏ రకం గడ్డి మీ వాలుకు సరిపోతుందో తేల్చుకోలేకపోతే గుణుపురంలో, ఆర్.ఉదయగిరిలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు. కోరాపుట్ వైపువాళ్లకు సునాబెడలో భారత మట్టి, నీటి పరిరక్షణ సంస్థ పరిశోధన కేంద్రం ఉంది.